బ్రాకెట్‌లో కామా, బయట చుక్క: థీసిస్ సైటేషన్ల గందరగోళం ఎక్కడ మొదలవుతోంది?

క్లుప్తంగా: పరిశోధన రచన మధ్యలో ఇచ్చే సైటేషన్‌కి, అంటే ఈ మాట ఎవరిది, ఎక్కడిది అని చూపే ఆధార సూచనకి, అందరికీ ఒకే పద్ధతి అంటూ లేదు. ఏపీఏ (సైకాలజీ), ఎంఎల్‌ఏ (సాహిత్యం), షికాగో (చరిత్ర), ఐట్రిపుల్‌ఈ (ఇంజినీరింగ్), వాంకూవర్ (వైద్యం) అనే పద్ధతులు ఒక్కోటి ఒక్కో రంగం అవసరం కోసం పుట్టాయి. కామా, చుక్క, బ్రాకెట్ ఎక్కడ పడాలన్నది ఆ అవసరాన్ని బట్టే మారుతుంది. తప్పుల్లో ఎక్కువ భాగం నియమాలు తెలియక వచ్చేవి కావు, రెండు మూడు పద్ధతులు ఒకే థీసిస్‌లో కలిసిపోవడం వల్ల వచ్చేవి. తెలుగులో రాసే థీసిస్‌లకు దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది: క్రియ చివర వచ్చే వాక్యానికి ఇంగ్లిష్ వాక్యం కోసం రాసుకున్న నియమం సరిగ్గా అతకదు.

ఒకే ఊళ్లో ఇన్ని పద్ధతులు

వరంగల్, హనుమకొండల్లో చదువుకునేవాళ్లకు ఈ గందరగోళం పాలు కొంచెం ఎక్కువే. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయిన సంస్థ ఇక్కడే ఉంది. అదే 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో ఏర్పడ్డ కాకతీయ యూనివర్సిటీ, 2014లో వచ్చిన కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కూడా ఇక్కడివే. ఇంజినీరింగ్ వాళ్లకు స్క్వేర్ బ్రాకెట్‌లో అంకె అలవాటు. మెడికల్ పీజీలది వాంకూవర్ పద్ధతి, అంటే వరుస నంబర్లు. ఎడ్యుకేషన్, సైకాలజీ స్కాలర్లు రౌండ్ బ్రాకెట్‌లో పేరు, ఏడాది రాస్తారు. ఇంగ్లిష్ సాహిత్యం వాళ్లు పేరు, పేజీ రాసి ఊరుకుంటారు. చరిత్ర, తెలుగు విభాగాల్లో పాదసూచికల (ఫుట్‌నోట్ల) సంప్రదాయం ఇంకా గట్టిగానే ఉంది.

వీళ్లలో చాలామంది చివరికి చేరేది కేయూ క్రాస్‌రోడ్డు చుట్టుపక్కలనో, నయీంనగర్‌లోనో ఉండే డీటీపీ సెంటర్లకు. అక్కడ కంప్యూటర్‌లో అంతకుముందు ఎవరికో చేసిన ఫైల్ ఉంటుంది. మార్జిన్లు, హెడ్డింగులు, బ్రాకెట్లు అన్నీ అందులోంచే వస్తాయి. గైడ్ చెప్పింది ఒకటి, సీనియర్ థీసిస్‌లో ఉన్నది ఇంకొకటి, ఇంటర్నెట్ నుంచి కాపీ చేసిన రిఫరెన్స్ మూడో పద్ధతిలోది. మూడూ ఒకే అధ్యాయంలో చేరిపోతాయి. ఎగ్జామినర్ ఎర్ర ఇంకుతో గీసేది సాధారణంగా ఈ కలగాపులగాన్నే.

దీనికి ఇంకో మూలం స్కూల్లోనే ఉంది. మన ఇంగ్లిష్ పాఠాలు చాలావరకు బ్రిటిష్ అలవాటు ప్రకారం నడుస్తాయి. ఆ పద్ధతిలో కామా, చుక్క కోట్ చేసిన మాటల్లో భాగమైతేనే కొటేషన్ గుర్తు లోపల ఉంటాయి, కాకపోతే బయట. థీసిస్ దశకు వచ్చేసరికి చేతికిచ్చే ఏపీఏ, ఎంఎల్‌ఏ, షికాగో మూడూ అమెరికన్ మాన్యువల్స్. వాటిలో కామా, చుక్క కొటేషన్ గుర్తుకు లోపలే ఉండాలి. పదో తరగతిలో కరెక్ట్ అన్నది పీహెచ్‌డీలో తప్పు ఎందుకైందో ఎవరూ విడమర్చి చెప్పరు.

బ్రాకెట్ ఎక్కడి నుంచి వచ్చింది

పేరు, ఏడాది కలిపి వాక్యం మధ్యలో బ్రాకెట్‌లో ఇవ్వడం జీవశాస్త్రంతో మొదలైంది. హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో నత్త జాతికి చెందిన ఒక జీవి మీద రాసిన పరిశోధన పత్రంలో వాడిన పద్ధతినే దీనికి తొలి ఉదాహరణగా చెబుతారు. ‘హార్వర్డ్ స్టైల్’ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. అయితే హార్వర్డ్ పేరుతో అందరూ ఒప్పుకున్న మాన్యువల్ ఏదీ లేదు. ఒక్కో యూనివర్సిటీ, ఒక్కో పబ్లిషర్ దానికి ఒక్కో రూపం ఇచ్చుకున్నారు. కాబట్టి ‘హార్వర్డ్‌లో రాయండి’ అని మాత్రమే చెప్పే సూచన అసంపూర్ణం. ఏ సంస్థ హార్వర్డ్ అన్నది కూడా చెబితే తప్ప కామా పెట్టాలా వద్దా తేలదు.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల ఏపీఏ నియమాలు 1929లో ఒక జర్నల్‌లో ఏడు పేజీల వ్యాసంగా మొదలయ్యాయి. ఇప్పుడు నడుస్తున్న ఏడో ఎడిషన్ 2019 చివర్లో వచ్చింది. షికాగో మాన్యువల్ 1906 నాటిది. ఎంఎల్‌ఏ 1951లో స్టైల్ షీట్‌గా వచ్చి, 1980ల్లో పాదసూచికలు వదిలి బ్రాకెట్లకు మారింది. 1978లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు కెనడాలోని వాంకూవర్‌లో కలిశారు. ఒకే వ్యాసాన్ని ఒక్కో పత్రిక కోసం ఒక్కో రకంగా మళ్లీ టైపు చేయాల్సి వస్తున్న రోజుల్లో వాళ్లు కుదుర్చుకున్న ఒప్పందమే వాంకూవర్ పద్ధతి.

ఈ చరిత్ర చూస్తే బ్రాకెట్‌లో ఏం ఉండాలన్నది ఎలా తేలిందో అర్థమవుతుంది. సైకాలజీలో ఫలితం ఎంత కొత్తది అన్నది ముఖ్యం కాబట్టి ఏడాది ముందుకు వచ్చింది. సాహిత్య విమర్శలో ఏడాది కన్నా ఆ వాక్యం ఏ పేజీలో ఉందన్నది ముఖ్యం కాబట్టి ఎంఎల్‌ఏ పేజీని పట్టుకుంది. ఇంజినీరింగ్ పేపర్‌లో ఒక్క వాక్యానికి అయిదారు ఆధారాలు చూపాల్సి వస్తుంది, జర్నల్ కాలమ్ ఇరుకు, అందుకని అంకెలు. ఆర్కైవ్ ఫైళ్లు, శాసనాలు, ఉత్తరాలతో పని చేసే చరిత్రకారుడికి ఆధారం వివరాలు బ్రాకెట్‌లో పట్టవు, అందుకని పాదసూచికలు.

ఒకే వాక్యం నాలుగు పద్ధతుల్లో

పాలంపేట రామప్ప గుడిలోని శాసనం 1213 నాటిది, గుడిని కట్టించింది రేచర్ల రుద్రుడు. ఈ విషయానికి పి.వి. పరబ్రహ్మశాస్త్రి కాకతీయుల మీద రాసి 1978లో అచ్చైన పుస్తకాన్ని ఆధారంగా చూపాలనుకుందాం. పేజీ అంకె నమూనా కోసం వేసిందే.

ఏపీఏలో: గుడి శాసనం 1213 నాటిది (పరబ్రహ్మశాస్త్రి, 1978, పు. 52).

ఎంఎల్‌ఏలో: గుడి శాసనం 1213 నాటిది (పరబ్రహ్మశాస్త్రి 52).

షికాగో పేరు–ఏడాది పద్ధతిలో: గుడి శాసనం 1213 నాటిది (పరబ్రహ్మశాస్త్రి 1978, 52).

ఐట్రిపుల్‌ఈలో: గుడి శాసనం 1213 నాటిది [7, పు. 52].

తేడా అంతా కామాల్లోనే కనిపిస్తుంది. ఏపీఏలో పేరుకీ ఏడాదికీ మధ్య కామా ఉంటుంది, షికాగోలో ఉండదు. ఎంఎల్‌ఏలో అసలు కామాయే లేదు, పేజీ అని సూచించే అక్షరం కూడా లేదు. దీనికో లెక్క ఉంది. ఎంఎల్‌ఏ బ్రాకెట్‌లో పేరు తర్వాత వచ్చే అంకె పేజీ తప్ప ఇంకొకటి కాదు, కాబట్టి విడదీసే గుర్తు అవసరం లేదు. ఏపీఏలో రెండు అంకెలు పక్కపక్కన వస్తాయి. 1978 ఏడాదో, 52 పేజీయో చదివేవాడు తడుముకోకుండా ఉండాలంటే కామాతో పాటు పేజీ గుర్తు కూడా కావాలి. ఈ లెక్క తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టనక్కర్లేదు. (పరబ్రహ్మశాస్త్రి 1978, పు. 52) లాంటి సగం ఏపీఏ, సగం షికాగో రూపాలు కూడా కంటికి ఇట్టే దొరుకుతాయి.

రచయితలు ఇద్దరైతే ఏపీఏ బ్రాకెట్ లోపల ‘&’ గుర్తు వాడుతుంది: (ఈటన్ & వాగనర్, 2014). ఇంగ్లిష్‌లో అదే పేర్లు వాక్యంలో భాగమైతే గుర్తు పోయి పూర్తి పదం వస్తుంది. ముగ్గురు, ఆ పైన ఉంటే ఏడో ఎడిషన్ ప్రకారం మొదటిసారి నుంచే మొదటి పేరు రాసి ‘ఎట్ ఆల్.’ (లాటిన్‌లో ‘తదితరులు’) అంటే సరిపోతుంది. ఆరో ఎడిషన్‌లో ముగ్గురి నుంచి అయిదుగురి దాకా మొదటిసారి అందరి పేర్లూ రాయాల్సి వచ్చేది. 2019కి ముందు రాసిన సీనియర్ థీసిస్‌ని నమూనాగా పెట్టుకుంటే ఈ పాత నియమం అందులోంచి వచ్చి కూర్చుంటుంది. చుక్క ‘ఆల్’ తర్వాతే, ‘ఎట్’ తర్వాత రాదు. కుదించి రాసింది రెండో మాటను మాత్రమే.

ఒకే బ్రాకెట్‌లో రెండు మూడు రచనలు ఉంటే మధ్యలో సెమీకోలన్ పెడతారు. ఏపీఏలో వాటి వరుస ఏడాదిని బట్టి కాదు, చివరి జాబితాలో ఉన్న అక్షరక్రమాన్ని బట్టి. ఒకే రచయిత ఒకే ఏడాది రెండు రాస్తే ఏడాది పక్కన అక్షరం చేరుతుంది. ఇవి పెద్దగా పేచీ లేని విషయాలు.

చుక్క ఎటు వైపు?

ఎక్కువ వాదనలు నడిచేది దీని మీదే. బ్రాకెట్‌కు ముందు చుక్క పెట్టాలా, తర్వాతా? పేరు–ఏడాది పద్ధతులన్నిటిలోనూ సూత్రం ఒకటే: సైటేషన్ ఆ వాక్యంలో భాగం, కాబట్టి వాక్యం ముగిసే చుక్క బ్రాకెట్ తర్వాతే వస్తుంది. ముందే చుక్క పెట్టేస్తే బ్రాకెట్ ఏ వాక్యానికీ చెందకుండా గాల్లో వేలాడుతుంది. తర్వాతి వాక్యానికి ఆధారమేమో అన్న అనుమానం కూడా వస్తుంది.

వాక్యం చివర కొటేషన్ ఉంటే వరుస ఇలా ఉండాలి: కోట్ చేసిన మాట, కొటేషన్ ముగింపు గుర్తు, బ్రాకెట్, చుక్క. అమెరికన్ పద్ధతిలో చుక్క కొటేషన్ లోపల ఉండాలి కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజం. బ్రాకెట్ వచ్చి చేరినప్పుడు వాక్యం అక్కడ ముగియదు కాబట్టి ఆ చుక్క కూడా బ్రాకెట్ వెనక్కి జరుగుతుంది. కోట్ చేసింది ప్రశ్న అయితే మాత్రం ప్రశ్నార్థకం కొటేషన్ లోపలే ఉంటుంది, ఎందుకంటే అది మూలరచయిత వేసిన ప్రశ్న. బ్రాకెట్ తర్వాత మన వాక్యానికి మన చుక్క మళ్లీ వస్తుంది. చూడ్డానికి రెండు ముగింపులు ఉన్నట్టు అనిపించినా రెండిటి పనీ వేరు.

ఇక మినహాయింపు. పొడవాటి ఉల్లేఖనను విడిగా, ఎడమ వైపు మార్జిన్ వదిలి రాస్తాం. ఏపీఏలో 40 పదాలు, ఆ పైన ఉంటే ఇలా రాయాలి. ఎంఎల్‌ఏలో నాలుగు లైన్లు దాటిన వచనానికి, షికాగోలో సుమారు 100 పదాలు దాటినదానికి ఇది వర్తిస్తుంది. ఈ రూపంలో కొటేషన్ గుర్తులు ఉండవు. అందుకే ఉల్లేఖన ఎక్కడ ముగిసిందో చెప్పే పని చుక్క మీద పడుతుంది. చుక్క ముందు, బ్రాకెట్ తర్వాత, బ్రాకెట్ వెనక ఇక ఏ గుర్తూ ఉండదు. మామూలు వాక్యాల్లో చుక్క బయట పెట్టడం అలవాటైన చేయి ఇక్కడ కూడా బయట పెట్టేస్తుంది. లేదంటే ఈ మినహాయింపును ఎక్కడో చూసి థీసిస్ అంతా దాన్నే పాటిస్తుంది. రెండూ తరచుగా కనిపించే తప్పులే.

అంకెల పద్ధతుల్లో కథ వేరు. ఐట్రిపుల్‌ఈలో స్క్వేర్ బ్రాకెట్ చుక్కకు ముందే, పదానికీ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీతో వస్తుంది. అంకె వాక్యంలో నామవాచకంలా పని చేయగలదు, ‘[7]లో చూపినట్టు’ అనవచ్చు. వాంకూవర్ వాడే మెడికల్ జర్నళ్లలో అంకె లైను పైన చిన్నగా వస్తే, అది చుక్కకు ముందా తర్వాతా అన్నది పత్రికను బట్టి మారుతుంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ స్టైల్‌లో కామా, చుక్కల తర్వాత, కోలన్, సెమీకోలన్లకు ముందు పెడతారు. షికాగో పాదసూచిక అంకె కూడా మామూలుగా చుక్క తర్వాతే. ఒక జర్నల్‌కి పంపే ముందు ఆ జర్నల్ పాత సంచిక ఒకటి తెరిచి చూడటమే దీనికి నమ్మకమైన దారి.

‘రావు’ ఎవరు, ‘రెడ్డి’ ఎవరు?

పాశ్చాత్య మాన్యువల్స్ అన్నీ ఇంటిపేరు చివర ఉంటుందనే ఊహ మీద నడుస్తాయి. తెలుగు పేరులో ఇంటిపేరు ముందు ఉంటుంది, చివర్లో వచ్చేది సొంత పేరో, రావు, రెడ్డి, శాస్త్రి లాంటి మాటో. జోటెరో, మెండలే లాంటి రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్లు చివరి మాటను తీసి ముందు పెట్టేస్తాయి. ఫలితంగా కాళోజీ నారాయణరావును ఇంగ్లిష్‌లో విడదీసి రాస్తే ‘రావు, కె. ఎన్.’ అవుతాడు. వరంగల్‌లోనే ఆ పేరు ఎవరిదో గుర్తుపట్టేవాళ్లు ఉండరు. పైన చెప్పిన పరబ్రహ్మశాస్త్రి ఒక థీసిస్‌లో ‘శాస్త్రి, పి. వి. పి.’, ఇంకో దాంట్లో ‘పరబ్రహ్మశాస్త్రి, పి. వి.’ అయ్యాక జాబితాలో ఇద్దరు మనుషులుగా కనిపిస్తాడు.

పుస్తకం మీద రచయిత పేరు ఎలా ఉందో దాన్ని గౌరవించాలన్నదే మాన్యువల్స్ అసలు ఉద్దేశం. విడదీయరాని పేరును సాఫ్ట్‌వేర్‌లో ‘లాస్ట్ నేమ్’ గడిలో కలిపి టైపు చేస్తే చాలా గొడవ తగ్గుతుంది. ఇద్దరు రెడ్లు ఒకే థీసిస్‌లో తగిలితే ఏపీఏ దగ్గర దీనికి సిద్ధంగా నియమం ఉంది: ఏడాదులు వేరైనా సరే, వాక్యంలోని ప్రతి సైటేషన్‌లో ఇనీషియల్ చేర్చాలి, (ఎస్. రెడ్డి, 2011; వి. రెడ్డి, 2015) అన్నట్టు. అమెరికాలో ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే ఈ నియమం తెలంగాణ థీసిస్‌లో పేజీకోసారి పనికొస్తుంది.

తెలుగులో రాస్తే వచ్చే చిక్కులు

తెలుగు పరిశోధనకు సొంత సైటేషన్ సంప్రదాయం లేకపోలేదు. బమ్మెర పోతన భాగవతంలోని పద్యాన్ని ఎవరూ పేజీతో చూపరు. స్కంధం అంకె, గీత, పద్యం అంకె, అంతే. పదో స్కంధానికైతే పూర్వ, ఉత్తర భాగాల సూచన కూడా చేరుతుంది. భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం. ఈ పద్ధతికి పెద్ద లాభం ఉంది: ఎవరి చేతిలో ఏ ముద్రణ ఉన్నా పద్యం దొరుకుతుంది. పేజీ అంకె ముద్రణ మారగానే పనికిరాకుండా పోతుంది. ఎంఎల్‌ఏ కూడా నాటకాలకు అంకం, దృశ్యం, పంక్తి ఇమ్మంటుంది, కారణం ఇదే. వచనాలను లెక్కించే తీరులో ప్రతుల మధ్య ఒకటి రెండు అంకెల తేడా రావచ్చు కాబట్టి మొదటిసారి ఏ ప్రతి వాడారో చెబితే మంచిది. (పోతన, పునర్ముద్రణ ఏడాది) అని ఏపీఏ వేషం వేయించడం వల్ల పదిహేనో శతాబ్దపు కవి ఈ శతాబ్దంలో రాసినట్టు కనిపించడం తప్ప ప్రయోజనం లేదు. ఆధునిక పుస్తకానికైతే ఏపీఏలోనే దారి ఉంది, రెండు ఏడాదులూ అడ్డగీతతో ఇవ్వవచ్చు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తొలిసారి 1949లో అచ్చయింది. చేతిలో ఉన్నది తర్వాతి ముద్రణ అయితే ముందు 1949, అడ్డగీత, ఆ తర్వాత ఆ ముద్రణ ఏడాది రాయాలి.

పాత తెలుగు థీసిస్‌ల్లో ‘పైదే, పుట 45’ అని వరుసగా కనిపిస్తుంది. చేతితో రాసే రోజుల్లో అది శ్రమ తగ్గించింది. కంప్యూటర్ వచ్చాక అదే ఉచ్చు అయింది. గైడ్ సలహా మీద మధ్యలో ఒక కొత్త పాదసూచిక చేర్చారంటే, దాని కింద ఉన్న ‘పైదే’ అంతా కొత్త పుస్తకాన్ని చూపించడం మొదలుపెడుతుంది. స్పెల్‌చెక్‌కి ఇది దొరకదు, చదివేవాడికి అనుమానం రాదు. షికాగో మాన్యువల్ 2017 ఎడిషన్ నుంచి ఇలాంటి సూచనల బదులు రచయిత పేరు, కుదించిన పుస్తకం పేరు రాయమనడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి.

అసలు చిక్కు వాక్య నిర్మాణంలో ఉంది. ఇంగ్లిష్‌లో ‘ఫలానా ఆయన అన్నాడు’ అన్నది ముందు వచ్చి, కోట్ చేసిన మాట వాక్యం చివర పడుతుంది. దాని వెంటే బ్రాకెట్, చుక్క. తెలుగులో కోట్ చేసిన మాట తర్వాత ‘అని’ వస్తుంది, ఆ తర్వాత పరిశోధకుడి సొంత మాట, చివర క్రియ. ఒక నమూనా వాక్యం చూద్దాం:

“చెరువులే రాజ్యానికి ఆయువుపట్టు” అని ఒక రచయిత అన్నా, దొరికిన శాసనాలు ఆ మాటను పూర్తిగా బలపరచడం లేదు (రచయిత, ఏడాది, పు. 52).

ఇంగ్లిష్ నియమం ప్రకారం బ్రాకెట్ సరైన చోటే ఉంది, చుక్క ముందర. కానీ అర్థం బోల్తా పడింది. శాసనాలు బలపరచడం లేదన్న పరిశోధకుడి సొంత నిర్ణయం కూడా పాపం ఆ రచయిత ఖాతాలోనే జమైంది. బ్రాకెట్‌ని కొటేషన్ గుర్తు మూసిన వెంటనే, ‘అని’కి ముందు పెడితే ఈ పొరపాటు జరగదు:

“చెరువులే రాజ్యానికి ఆయువుపట్టు” (రచయిత, ఏడాది, పు. 52) అని అన్నా, దొరికిన శాసనాలు ఆ మాటను పూర్తిగా బలపరచడం లేదు.

చదవడానికి కాస్త అడ్డం తగిలినా, ఎవరి మాట ఎక్కడి దాకా ఉందన్నది స్పష్టం. ఏపీఏ కూడా కొటేషన్ వాక్యం మధ్యలో ముగిస్తే వెంటనే సైటేషన్ ఇమ్మంటుంది. ఇంగ్లిష్‌లో అప్పుడప్పుడు వచ్చే ఆ సందర్భం తెలుగులో దాదాపు ప్రతిసారీ వస్తుంది. తెలుగు విభాగాలు తమకంటూ ఒక నియమం రాసుకోవాలనుకుంటే మొదట రాసుకోవాల్సింది ఇదే.

సంధి సంగతి కూడా ఉంది. ‘ఆయువుపట్టు’, ‘అని’ కలిస్తే ‘ఆయువుపట్టని’ అవుతుంది. కొటేషన్ గుర్తు ఎక్కడ మూయాలి? పదం మధ్యలో మూయలేం, మూసినా మూలంలోని చివరి అచ్చు పోయింది. అందుకే యథాతథంగా ఇస్తున్నప్పుడు సంధి చేయకుండా, గుర్తు మూసి, ఖాళీ వదిలి ‘అని’ రాయాలి. సంధి చేశారంటే అది పరోక్షంగా చెప్పడం, అక్కడ కొటేషన్ గుర్తులు అక్కర్లేదు, సైటేషన్ మాత్రం తప్పదు. ఉల్లేఖనకీ సొంత మాటల్లో చెప్పడానికీ మధ్య ఇంత కచ్చితమైన గీత గీసుకునే వీలు భాషలోనే ఉన్నా, చాలా థీసిస్‌లు దాన్ని వాడుకోవడం లేదు.

విభక్తులతో వచ్చే ఇబ్బంది చిన్నది. ‘వాగనర్ (2014)ను’ అని బ్రాకెట్ వెనక ప్రత్యయం తగిలించడం కన్నా ‘వాగనర్‌ను (2014)’ అనడం మేలు. ఇద్దరు రచయితల మధ్య కామా ఒక్కటే పెడితే (ఈటన్, వాగనర్, 2014)లో ఏది ఏమిటో తికమకగా ఉంటుంది, బ్రాకెట్ లోపల ‘&’ గుర్తే నయం. ముగ్గురు, ఆ పైన ఉంటే ‘తదితరులు’ చక్కగా సరిపోతుంది.

మేడారం జాతర మీదో, ఒగ్గు కథ మీదో ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్లది వేరే ప్రశ్న: ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లను ఎలా చూపాలి? ఏపీఏ ప్రకారం సొంత పరిశోధనలో పాల్గొన్నవాళ్ల మాటలకు సైటేషన్ ఉండదు, చివరి జాబితాలోనూ ఉండదు. వాళ్లు ఎవరన్నది గోప్యత చెడకుండా వాక్యంలోనే చెప్పాలి. పరిశోధనలో భాగం కాని ఫోన్ సంభాషణ, ఈమెయిల్ లాంటివాటికి మాత్రమే పేరు, ‘వ్యక్తిగత సంభాషణ’, తేదీ బ్రాకెట్‌లో ఇస్తారు.

పర్సెంటేజీ భయం, సాఫ్ట్‌వేర్ చూపు

సైటేషన్ల మీద ఇంత టెన్షన్ ఈ మధ్యనే ఎందుకు పెరిగిందంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018లో కాపీని అరికట్టడానికి తెచ్చిన నిబంధనలు ఒక కారణం. థీసిస్‌లో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వడానికి లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సరైన ఆధారం చూపి ఇచ్చిన ఉల్లేఖనలు, రిఫరెన్స్ జాబితా, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల దాకా యాదృచ్ఛికంగా కలిసినా మినహాయింపే.

‘బ్రాకెట్ పెడితే పర్సెంటేజీ తగ్గుతుంది’ అన్న మాట హాస్టళ్లలో బాగా తిరుగుతుంది. అది నిజం కాదు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ పోల్చేది అక్షరాల వరుసను, చిత్తశుద్ధిని కాదు. మూలంలోని పేరాను ఉన్నదున్నట్టు దింపి చివర బ్రాకెట్ పెడితే పేరా మొత్తం పోలికగానే చూపిస్తుంది. ఉల్లేఖన అని యంత్రానికి తెలిసేది కొటేషన్ గుర్తుల వల్ల, అదీ సెట్టింగుల్లో వాటిని మినహాయించినప్పుడు. ఒంటి గుర్తు ఇంగ్లిష్‌లో సంబంధార్థక ఎస్‌కి (’s), కుదింపులకి కూడా వాడతారు కాబట్టి యంత్రానికి ఆనవాలుగా జంట గుర్తులే నయం. ప్రారంభ గుర్తు పెట్టి ముగింపు గుర్తు మరిచిపోతే ఉల్లేఖన ఎక్కడ ఆగిందో యంత్రానికీ తెలియదు, మనిషికీ తెలియదు. ఒక్క కీ నొక్కకపోవడం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తెలుగు థీసిస్‌లకు అదనపు తలనొప్పి ఫాంట్లది. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. తెరమీద తెలుగే కనిపించినా ఫైల్ లోపల ఉండేది యూనికోడ్ తెలుగు కాదు. చెకింగ్ కోసమో, థీసిస్‌లు దాచే వెబ్‌సైట్ శోధ్‌గంగలో పెట్టడం కోసమో యూనికోడ్‌లోకి మార్చినప్పుడు మొదట దెబ్బ తినేవాటిలో కొటేషన్ గుర్తులు, బ్రాకెట్లు, అంకెలు ఉంటాయి. మార్చిన ప్రతిని మళ్లీ చదవకుండా సబ్మిట్ చేస్తే నెలల తరబడి సరిచేసుకున్న సైటేషన్లు ఒక్క క్లిక్‌తో చెదిరిపోతాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లో టైపు చేయించుకోవడం ఒక్కటే దీనికి గట్టి పరిష్కారం.

గుజరాత్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడిపే శోధ్‌గంగలో థీసిస్‌లు అందరికీ అందుబాటులో ఉండటం మంచిదే. కాకపోతే తప్పు సైటేషన్ కూడా అక్కడి నుంచే తర్వాతి స్కాలర్‌కి చేరుతోంది. మూల పుస్తకం తెరవకుండా ఇంకొకరి బ్రాకెట్‌ని ఎత్తి రాస్తే ఆయన వేసిన తప్పు పేజీ అంకె కూడా వెంట వస్తుంది. మూలం దొరకనప్పుడు ‘ఫలానా రచనలో ఉటంకించినట్టు’ అని చెప్పే వెసులుబాటు చాలా పద్ధతుల్లో ఉంది, దాన్ని వాడటం తక్కువతనమేమీ కాదు. ఏఐ చాట్‌బాట్‌లు ఇచ్చే రిఫరెన్సుల్లో కామాలు చుక్కలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి, పుస్తకం మాత్రం ఒక్కోసారి ఎక్కడా ఉండదు. పంక్చుయేషన్ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆధారం ఉన్నట్టు కాదని ఎగ్జామినర్లు ఇప్పుడు విడిగా చూసుకోవాల్సి వస్తోంది.

విభాగం చేయగలిగింది, స్కాలర్ చేయగలిగింది

విభాగాల స్థాయిలో ఖర్చు లేని మార్గం ఒక పేజీ సూచన పత్రం. ఏ మాన్యువల్, ఎన్నో ఎడిషన్, తెలుగు పేర్లు ఎలా, పద్యాలకు ఏ పద్ధతి, ‘అని’కి ముందా తర్వాతా, ఉల్లేఖన ఎన్ని పదాలు దాటితే విడిగా: ఈ ఆరు ప్రశ్నలకు జవాబులుంటే చాలు. గైడ్ మారినా, ఎగ్జామినర్ బయటి రాష్ట్రం నుంచి వచ్చినా పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. పద్ధతి ఏదన్న దానికన్నా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే ఉందా అన్నదే వైవాలో ఎక్కువ నిలబడుతుంది. కామా తప్పును ఎగ్జామినర్ క్షమిస్తాడేమో గానీ, వాక్యంలో ఉన్న పేరు చివరి జాబితాలో లేకపోతే క్షమించడం కష్టం.

బైండింగ్‌కి ఇచ్చే ముందు చేసే చెకింగ్‌కి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వర్డ్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కి ప్రారంభ బ్రాకెట్ గుర్తును వెతకాలి. ఒక్కో బ్రాకెట్ దగ్గర ఆగి, ముందు ఖాళీ ఉందా, ఏడాదికి ముందు కామా మిగతా చోట్లలాగే ఉందా, చుక్క ఎటు ఉందో చూసి, ఆ పేరును ప్రింట్ తీసిన జాబితాలో టిక్ పెట్టుకుంటూ పోవాలి. చివరికి టిక్ పడని పేర్లు జాబితాలో అనవసరంగా ఉన్నవి, జాబితాలో దొరకని పేర్లు కొత్తగా చేర్చాల్సినవి. అధ్యాయానికి ఒక పూట పడుతుంది. డీటీపీ ఆపరేటర్‌కి వదిలేసే పని మాత్రం కాదు.